క్లాసిక్ స్పోర్ట్స్ కారు బయటి ట్రిమ్‌కి ఇంట్లోనే రంగు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత స్పోర్ట్స్ కారు బాడీ ఎంత మెరుస్తున్నా, కిటికీల చుట్టూ ఉన్న నల్ల పట్టీలు వెలిసిపోయి వైపర్ చేతుల మీద తుప్పు మరకలు కనిపిస్తే బండి మొత్తం పాతబడినట్టే ఉంటుంది. ట్రిమ్‌కి మళ్లీ రంగు వేయడం ఇంట్లో చేసుకోదగ్గ పనే. కాకపోతే మొదటిసారి చేసేవాళ్లందరికీ దాదాపు అవే సందేహాలు వస్తుంటాయి. వాటిని పని సాగే వరుసలో ఇక్కడ పెట్టాను. ప్రతి జవాబూ విడిగా చదివినా అర్థమవుతుంది కాబట్టి కావలసిన చోటికి నేరుగా వెళ్లొచ్చు. ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి: రంగు డబ్బా ఎప్పుడైనా కొనొచ్చు, ముందు చేతిలో ఉన్న ముక్క దేనితో చేసిందో తేల్చుకోండి. ఊడిపోయిన ట్రిమ్ పెయింట్లలో చాలావరకు ఈ మెట్టు దాటేయడం వల్ల ఊడినవే.

## మొదలుపెట్టే ముందు

ట్రిమ్ అంటే ఏయే భాగాలు? అన్నిటికీ ఒకే రంగు కొట్టేస్తే సరిపోదా?

కిటికీ ఫ్రేముల పట్టీలు, అద్దాల తొడుగులు, తలుపు పిడులు, వైపర్ చేతులు, విండ్‌షీల్డ్ కింద ఉండే గ్రిల్, హెడ్‌లైట్ రింగులు, బంపర్ పట్టీలు, బ్యాడ్జీలు, ఇవన్నీ ట్రిమ్ కిందికే వస్తాయి. బయటికి అన్నీ నల్లగానే ఉన్నా లోపల ఒకటి స్టీలు, ఒకటి అనోడైజ్ చేసిన (కరెంటుతో పైన గట్టి ఆక్సైడ్ పొర ఎక్కించిన) అల్యూమినియం, ఒకటి ప్లాస్టిక్, ఇంకొకటి జింక్ పోత (కరిగించిన జింక్‌ని అచ్చులో పోసి చేసిన ముక్క). పైన వేసే నలుపు అన్నిటికీ ఒకటే కావచ్చు, కావాలి కూడా. కింద వేసే ప్రైమర్ మాత్రం ముక్కను బట్టి మారుతుంది.

ఏ ముక్క దేనితో చేశారో ఎలా కనుక్కోవాలి?

అయస్కాంతంతో మొదలుపెట్టండి. గట్టిగా అంటుకుంటే స్టీలు. అంటుకోకుండా తేలిగ్గా ఉంటే అల్యూమినియం. అంటుకోకుండా బరువుగా ఉండి, క్రోమ్ కింద చిన్న చిన్న బుడిపెలు లేచి ఉంటే అది చాలావరకు జింక్ పోత. స్టెయిన్‌లెస్ స్టీలు దగ్గర మాత్రం అయస్కాంతాన్ని నమ్మొద్దు. కొన్ని రకాలు అంటుకుంటాయి, కొన్ని అంటుకోవు. తుప్పు జాడ లేకపోవడం, లోపలి వైపు కూడా అదే తెల్లటి లోహం కనిపించడం దాని గుర్తులు.

అల్యూమినియం అనోడైజ్ అయిందో లేదో చూడటానికి మల్టీమీటర్ చాలు, దాన్ని కరెంటు దారి దొరికితే మోగే సెట్టింగ్‌లో పెట్టండి. అనోడైజ్ పొర కరెంటును పోనివ్వదు. మీటరు వైర్ల చివరి మొనలు రెండూ పైపైన ఆనిస్తే చప్పుడు రాదు. ముక్క వెనక వైపు, కనిపించని చోట కాస్త గీకి మళ్లీ ఆనిస్తే మోగుతుంది. పాత పెయింట్ ఉన్నా ఇలాగే జరుగుతుంది కాబట్టి పెయింట్ లేని చోటే చూడాలి.

ప్లాస్టిక్ అయితే వెనక పీపీ (పాలీప్రొపైలీన్), ఏబీఎస్ లాంటి ప్లాస్టిక్ రకం అక్షరాలు అచ్చు పోసి ఉన్నాయేమో చూడండి. చాలా పాత కార్లలో అవి ఉండవు. అప్పుడు వెనక నుంచి ఒక చిన్న పెచ్చు కోసి నీళ్లలో వేయండి. పాలీప్రొపైలీన్ సాధారణంగా తేలుతుంది, ఏబీఎస్ మునుగుతుంది.

క్రోమ్ పట్టీలను నల్లగా మార్చేద్దాం అనుకుంటున్నా. మంచి పనేనా?

క్రోమ్ బాగుంటే వద్దని చెబుతాను. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైప్ లాంటి కారులో క్రోమ్ అనేది ఆ రూపంలో భాగం. నల్ల ట్రిమ్ 1970లలో, 80లలో వచ్చిన కార్లకు నప్పినట్టు వాటికి నప్పదు. పైగా ఒకసారి రుద్దిన క్రోమ్‌కి పాత మెరుపు రావాలంటే మళ్లీ ప్లేటింగ్ చేయించాల్సిందే. నలుపే కావాలంటే సెకండ్ హ్యాండ్‌లో ఇంకో సెట్ వెతికి దానికి వేయండి, అసలువి గుడ్డలో చుట్టి దాచండి.

క్రోమ్ ఇప్పటికే పెచ్చులుగా లేస్తుంటే సంగతి వేరు. లేచిన ప్రతి అంచునూ గట్టి పొర తగిలేదాకా తీసేయాలి. దాని మీదే రంగు కొడితే పెచ్చుతో పాటు రంగూ ఊడుతుంది.

రబ్బరు బీడింగ్‌కి కూడా రంగు వేయొచ్చా?

వద్దు. రబ్బరు వంగుతుంది, నలుగుతుంది, లోపలి నూనెల్ని మెల్లగా బయటికి వదులుతుంది. ఏ పెయింటూ దాని మీద నిలవదు. పగిలిన బీడింగ్ మార్చాల్సిందే. చాలా క్లాసిక్ మోడళ్లకు కొత్తవి తయారవుతూనే ఉన్నాయి.

దీన్ని పాలీయురెథేన్ బంపర్లతో కలిపేయొద్దు. ఉదాహరణకు 1974 చివరి నుంచి వచ్చిన ఎంజీబీ కార్లను అందరూ ‘రబ్బరు బంపర్’ కార్లంటారు గానీ అది స్టీలు చట్రం మీద పోసిన పాలీయురెథేన్. వంగే ప్లాస్టిక్‌కి పనికొచ్చే ప్రైమర్, సాగే గుణం ఉన్న పెయింట్ వాడితే దానికి రంగు వేయొచ్చు.

నల్ల ప్లాస్టిక్ బూడిద రంగుకి తిరిగింది. పెయింటే కావాలా, ట్రిమ్ రిస్టోరర్ (వెలిసిన ప్లాస్టిక్‌కి నలుపు తెచ్చే ద్రవం) రాస్తే చాలదా?

గరుకు నమూనా ఉన్న ప్లాస్టిక్ అయితే ముందు రిస్టోరరే ప్రయత్నించండి, పెయింట్ ఆ నమూనాను కొంత పూడ్చేస్తుంది. కాకపోతే చాలా రిస్టోరర్లలో సిలికాన్ ఉంటుంది. ఒకసారి రాశాక ఆ ముక్కకి పెయింట్ పట్టించడం కష్టం. అందుకే ఎలాగూ పెయింట్ వేద్దామని నిర్ణయించుకున్నవాళ్లు ‘ఈలోపు’ అంటూ రిస్టోరర్ రాయకండి. ప్లాస్టిక్ పైపొర పొడి పొడిగా రాలుతుంటే నేరుగా పెయింట్‌కే వెళ్లండి.

మామూలు స్ప్రే క్యాన్ నిలుస్తుందా? 2కె వాడాలా?

2కె అంటే హార్డెనర్ కలిసే పెయింట్. క్యాన్ అడుగున బటన్ నొక్కితే లోపల కలుస్తుంది. ఆ తర్వాత డబ్బా మీద రాసిన గడువులోపు వాడేయాలి, మిగిలింది గట్టిపడిపోతుంది. రాపిడికి, పెట్రోలుకి అది బాగా తట్టుకుంటుంది. అయితే ఆ హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తుల్లోకి వెళితే ఆస్తమా తెచ్చిపెట్టగలవు. ఒకసారి శరీరం వాటికి స్పందించడం మొదలుపెడితే ఆ తర్వాత చాలా కొద్ది మోతాదు కూడా పడదు. వాసన బట్టి ప్రమాదాన్ని పసిగట్టలేం. బయటి గాలి అందించే మాస్క్, విడిగా గాలాడే చోటు లేని ఇంట్లో నేనైతే 2కె జోలికి వెళ్లొద్దంటాను.

ట్రిమ్ చిన్న ముక్కల పని. కింద పొర సరిగ్గా ఉంటే మంచి 1కె (హార్డెనర్ లేని మామూలు క్యాన్) శాటిన్, అంటే ఒక మోస్తరు మెరుపున్న, నలుపు ఏళ్ల తరబడి ఉంటుంది. పెట్రోలు మూత చుట్టూ ఉండే ముక్క ఒక్కటే దీనికి మినహాయింపు. 1కె యాక్రిలిక్ మీద పెట్రోలు పడితే మెత్తబడుతుంది. ఆ ఒక్క ముక్కను పెయింట్ బూత్ ఉన్నవాళ్లకి ఇవ్వడం మేలు.

## విప్పడం

విప్పకుండా టేప్ అంటించి కొట్టేయొచ్చా?

విప్పగలిగిన ముక్కను విప్పే కొట్టాలి. టేప్ అంచు దగ్గర పెయింట్ ట్రిమ్ నుంచి రబ్బరు మీదికి వంతెన కట్టినట్టు ఆరుతుంది. తలుపు నాలుగుసార్లు వేసి తీసేసరికి అక్కడ చీలుతుంది, ఊడటం అక్కడి నుంచే మొదలవుతుంది.

విప్పితే విరిగిపోతుందని అనుమానం ఉన్న ముక్కలకైతే టేపే గతి. అప్పుడు సన్నని ప్లాస్టిక్ తాడు రబ్బరు అంచు కిందికి దూర్చండి. రబ్బరు కాస్త పైకి లేస్తుంది, రంగు దాని కిందిదాకా వెళ్తుంది. అంచుకి సన్నని ఫైన్‌లైన్ టేప్, దాని మీద మామూలు మాస్కింగ్ టేప్ వేయండి. కారు మొత్తం కప్పండి. పక్కనున్న తలుపు ఒక్కటే కప్పితే చాలదు, గాల్లో తేలే రంగు తుంపర బానెట్ మీద కూడా గరుగ్గా దిగుతుంది. చివరి కోటింగ్ తడి తగ్గి ఇంకా మెత్తగా ఉన్నప్పుడే టేప్‌ని వెనక్కి మడిచి మెల్లగా లాగండి.

క్లిప్పులు విరగకుండా పట్టీ ఎలా తీయాలి?

కొన్ని విరుగుతాయి. పాత ప్లాస్టిక్ క్లిప్పులు పెళుసెక్కి ఉంటాయి, కాబట్టి పని మొదలుపెట్టకముందే కొత్తవి తెప్పించుకోండి. బాడీ పెయింట్ మీద రెండు వరసల టేప్ వేసి, ప్లాస్టిక్ ప్రై టూల్‌ని క్లిప్ ఉన్న చోటే దూర్చి లేపండి. రెండు క్లిప్పుల మధ్య పట్టుకుని లాగితే అల్యూమినియం పట్టీ వంగుతుంది. ఆ వంపు రంగు వేశాక వెలుతురులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చల్లగా ఉన్న రోజు హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబెట్టుకోండి.

ప్రతి ముక్కనీ విప్పేముందు ఒక ఫొటో, విప్పాక ఇంకో ఫొటో తీయండి. స్క్రూలు, వాషర్లు ఆ ముక్క పేరు రాసిన కవర్లో పడేయండి. ఎడమ, కుడి ముక్కలు చూడటానికి ఒకేలా ఉంటాయి, బిగించేటప్పుడే తేడా తెలుస్తుంది.

స్క్రూ తుప్పు పట్టి కదలడం లేదు. ఏం చేయాలి?

పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి. తల అరిగిపోకుండా సరైన సైజు బిట్ పెట్టి, ముందు బిగించే వైపు కొద్దిగా తిప్పి ఆ తర్వాత వదులు చేయండి. తల ఇప్పటికే పోయి ఉంటే డ్రిల్ చేయడం తప్పదు. ఆ నూనె తగిలిన ప్రతి చోటునీ తర్వాత బాగా కడగాలి.

## కడగడం, రుద్దడం

ముందు కడగాలా, ముందు రుద్దాలా?

ముందు కడగాలి. జిడ్డు ఉండగా రుద్దితే ఆ జిడ్డు గీతల్లోకి దిగి కూర్చుంటుంది. గిన్నెలు తోమే లిక్విడ్, గోరువెచ్చటి నీళ్లు, పాత టూత్‌బ్రష్‌తో మూలలన్నీ తోమండి. ఆరాక వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్‌తో ఒకసారి తుడవండి. తడి గుడ్డతో తుడిచి, అది ఆరేలోపే పొడి గుడ్డతో ఎత్తేయాలి. ఒకే గుడ్డతో రుద్దుతూ ఉంటే జిడ్డు అటూ ఇటూ తిరగడమే తప్ప పోదు. రుద్దడం అయ్యాక ఇదే తుడుపు మళ్లీ. ప్లాస్టిక్ మీద థిన్నర్, అసిటోన్ వాడొద్దు, ఏబీఎస్ కరిగి పగుళ్లిస్తుంది.

ఏ నంబర్ వాటర్ పేపర్ వాడాలి?

తుప్పున్న స్టీలుకి 80 లేదా 120తో మొదలుపెట్టి 320 దాకా రండి. గట్టిగా ఉన్న పాత పెయింట్, అనోడైజ్ పొర, ప్లాస్టిక్ వీటికి 320–400 చాలు. ప్రైమర్ మీద 600, తడిపి రుద్దాలి. శాటిన్ పెయింట్ లోతు గీతల్ని దాచదు. అలాగని 1000, 1500తో నున్నగా చేస్తే పెయింట్‌కి పట్టు దొరకదు. వంకరలు, మూలలు ఉన్నచోట కాగితం బదులు ఎర్ర స్కాచ్‌బ్రైట్ వాడండి. పదునైన అంచుల దగ్గర చేయి తేలిగ్గా పెట్టాలి, లోహం ముందు బయటపడేది అక్కడే.

పాత పెయింట్ మొత్తం తీసేయాలా?

గట్టిగా అంటుకుని ఉన్నది మంచి పునాదే. బ్లేడుతో అడ్డంగా, నిలువుగా సన్నని గళ్లు గీసి, గట్టి టేప్ అంటించి ఒక్కసారిగా లాగండి. గళ్లు టేప్‌తో వచ్చేస్తే మొత్తం తీయాలి. రాకపోతే 400తో రుద్ది అంచుల్ని చదును చేస్తే చాలు. పాత కాలపు పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఉంది, అందుకని పొడిగా రుద్దకండి. నీళ్లతో రుద్ది, మాస్క్ పెట్టుకుని, ఆ బురదను గుడ్డతో ఎత్తి విడిగా పడేయండి. పిల్లలు తిరిగే చోట ఈ పని వద్దు.

అనోడైజ్ పొరను కాస్టిక్ సోడాతో తీసేయమంటున్నారు. చేయనా?

కాస్టిక్ సోడా ఆ పొరను కరిగిస్తుంది, నిజమే. దాంతోపాటు అల్యూమినియాన్నీ తినేస్తుంది. హైడ్రోజన్ వాయువు వస్తుంది, చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. రంగు వేయడానికి ఇంత అవసరం లేదు. అనోడైజ్ పొర అంటే గట్టి అల్యూమినియం ఆక్సైడ్. అది చెక్కుచెదరకుండా ఉంటే దాన్ని మించిన పునాది లేదు. మెరుపు ఎక్కడా మిగలకుండా, ముక్కంతా ఒకే మసక బూడిద రంగులోకి వచ్చేదాకా 320తో రుద్దండి. పట్టీని కిటికీ వెలుగుకి ఏటవాలుగా పట్టుకుంటే రుద్దని చోటు చుక్కలా మెరుస్తుంది.

జింక్ పోత ముక్క మీద గుంటలున్నాయి. తుప్పు తీసే యాసిడ్‌లో వేయొచ్చా?

వద్దు, యాసిడ్ జింక్‌నే తినేసి గుంటల్ని పెద్దవి చేస్తుంది. గుంటలోని తెల్లటి పొడిని సన్నటి మొనతో గీకి, ఎపాక్సీ ప్రైమర్ వేసి, దాని మీద పుట్టీతో పూడ్చి చదును చేయండి.

## ప్రైమర్

ఎచ్ ప్రైమరా, ఎపాక్సీ ప్రైమరా?

ఎచ్ ప్రైమర్‌లో కొద్దిగా ఆమ్లం ఉంటుంది, అది లోహాన్ని కొరికి పట్టుకుంటుంది. ఉత్త అల్యూమినియం, ఉత్త స్టీలు మీద పల్చటి కోటింగ్ సరిపోతుంది. మందంగా వేస్తే ఆమ్లం లోపలే చిక్కుకుని పట్టు తగ్గుతుంది. ఎపాక్సీ ప్రైమర్ తేమను బాగా ఆపుతుంది, దాని మీద పుట్టీ కూడా వేసుకోవచ్చు. ఎచ్ ప్రైమర్ మీద నేరుగా పుట్టీ వేయకూడదు. డబ్బా మీద స్పష్టంగా రాసి ఉంటే తప్ప ఈ రెంటినీ ఒకదాని మీద ఒకటి వేయొద్దు.

పుట్టీ పని లేని అల్యూమినియం పట్టీలకు నేను ఎచ్ వైపే. తుప్పు తీసిన స్టీలు ముక్కలకు ఎపాక్సీ. ఏదైనా సరే, రుద్దిన రోజే ప్రైమర్ పడాలి. అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర వెంటనే మళ్లీ ఏర్పడటం మొదలవుతుంది, స్టీలు మీద వేలిముద్ర కూడా తుప్పుగా మారుతుంది.

ప్లాస్టిక్‌కి మామూలు ప్రైమర్ పనికిరాదా?

ఏబీఎస్ మీద మంచి ప్లాస్టిక్ ప్రైమర్ పట్టుకుంటుంది. పాలీప్రొపైలీన్ మీద అడ్హీషన్ ప్రమోటర్ (పెయింట్‌కి పట్టు ఇచ్చే పూత) లేకుండా ఏదీ నిలవదు. గోటితో గీకితే రేకులా లేస్తుంది. ప్రమోటర్‌ని పల్చగా కొట్టి, డబ్బా మీద చెప్పిన సమయంలోపే తర్వాతి కోటింగ్ వేయాలి. రేపు చూద్దాం అంటే దాని పని అయిపోతుంది.

## రంగు కొట్టడం

ఏ నలుపు కొనాలి?

ఇంటి పని అని చూడగానే తెలిసిపోయేది ఎక్కువగా ఇక్కడే. అందరూ నలుపు అంటే రంగు గురించి ఆలోచిస్తారు, అసలు చూడాల్సింది మెరుపు. ఫ్యాక్టరీ నల్ల ట్రిమ్ చాలావరకు శాటిన్ లేదా సెమీ గ్లాస్. అంటే పూర్తి గ్లాస్ కాదు, పూర్తి మ్యాట్ కూడా కాదు. గ్లాస్ నలుపు వేస్తే పట్టీ బాడీతో పోటీ పడుతుంది. మ్యాట్ వేస్తే బండి మీద సుద్ద పూసినట్టుంటుంది, చేతి మరకలు కూడా పోవు.

చిక్కేమిటంటే ఒక కంపెనీ ‘శాటిన్’ ఇంకో కంపెనీ ‘సెమీ గ్లాస్’తో సమానం కావచ్చు. ఈ పేర్లకు అందరూ పాటించే కొలత లేదు. అందుకే మీ కారులోనే ఎండ తగలని అసలు నలుపు వెతకండి: వైపర్ చేతి మూత కింద, అద్దం తొడుగు బాడీకి ఆనే చోట, ట్రిమ్ పట్టీ ఇంకో పట్టీ కిందికి వెళ్లే అంచున. రెండు మూడు రకాల క్యాన్లు రేకు ముక్కల మీద కొట్టి, ఒకరోజు ఆరనిచ్చి, ఆ అసలు ముక్క పక్కన పెట్టి పగటి నీడలో చూడండి. ట్యూబ్‌లైటు కింద అన్నీ ఒకేలా కనిపిస్తాయి. నచ్చింది దొరికాక పని మొత్తానికి సరిపడా క్యాన్లు ఒకే బ్యాచ్‌వి కొనండి.

ఎలాంటి వాతావరణంలో కొట్టాలి?

18–25 డిగ్రీలు, గాలిలో తేమ 65 శాతం లోపు ఉంటే హాయి. లోహం ఉష్ణోగ్రత మంచుబిందు స్థాయి (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి, లేకపోతే కంటికి కనిపించని తడి మీద రంగు పడుతుంది. చల్లటి గదిలోంచి తెచ్చిన ముక్కను వెంటనే కొట్టకండి. నేరుగా ఎండలోనూ వద్దు, రంగు చుక్క లోహాన్ని చేరకముందే ఆరిపోతుంది. నేల మీద నీళ్లు చల్లితే దుమ్ము లేవదు.

క్యాన్ ఎలా పట్టుకోవాలి, ఎన్ని కోటింగులు?

లోపల గోలీ చప్పుడు మొదలయ్యాక కూడా 2 నిమిషాలు ఊపండి. శాటిన్ పెయింట్‌లో మెరుపు తగ్గించే పొడి అడుగున దిగి ఉంటుంది. సరిగ్గా ఊపకపోతే మొదటి పట్టీ నిగనిగలాడుతుంది, చివరిది సుద్దలా వస్తుంది. క్యాన్ చల్లగా ఉంటే గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నిలబెట్టండి. మరిగే నీళ్లు ఎప్పుడూ వద్దు, క్యాన్ పేలుతుంది.

20–25 సెంటీమీటర్ల దూరం. ముక్క బయట గాల్లో నొక్కడం మొదలుపెట్టి, ముక్క దాటాక వదలాలి. మణికట్టు తిప్పకుండా చేయి మొత్తం కదలాలి. ప్రతి గీత ముందు గీతను సగం కప్పాలి. మొదటి కోటింగ్ కింద ప్రైమర్ కనిపించేంత పల్చగా ఉండాలి. 10–15 నిమిషాలు ఆగి రెండోది, అలాగే మూడోది. అంచులకు ముందు కొట్టి, ఆ తర్వాత వెడల్పు భాగం. పొడవాటి పట్టీలను తీగతో వేలాడదీస్తే చుట్టూ కొట్టొచ్చు.

చివరి కోటింగ్ మాత్రం అన్ని ముక్కలకీ ఒకే పూట, ఒకే చేతివేగంతో పడాలి. శాటిన్ మెరుపు పొర ఎంత తడిగా పడిందన్న దాని మీద ఆధారపడుతుంది. ఎడమ తలుపుది ఈరోజు, కుడి తలుపుది వచ్చే వారం అంటే తేడా వచ్చేస్తుంది.

పైన క్లియర్ కోట్ (రంగులేని పారదర్శక పొర) వేయాలా?

శాటిన్ నలుపుకి అక్కర్లేదు. గ్లాస్ క్లియర్ వేస్తే మెరుపు మారిపోతుంది. మ్యాట్ క్లియర్‌ని ఇంట్లో సమానంగా వేయడం నలుపు వేయడం కంటే కష్టం.

మామూలు దుమ్ము మాస్క్ చాలా?

చాలదు. గుడ్డ మాస్క్, దుమ్ము మాస్క్ ఆవిరిని ఆపవు. 1కెకి కూడా ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, దాని ముందు పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉన్న మాస్క్ కావాలి. కళ్లద్దాలు, నైట్రైల్ గ్లవ్స్ పెట్టుకోండి. గది తలుపులు తీసి ఉంచండి. చుట్టుపక్కల స్టవ్, హీటర్, సిగరెట్, నిప్పురవ్వ వచ్చే స్విచ్చు ఏదీ ఉండకూడదు.

## తేడా వస్తే

పెయింట్ మధ్యలో చిన్న చిన్న గుండ్రటి గుంటలు పడుతున్నాయి. ఎందుకు?

సిలికాన్. టైర్ పాలిష్, డాష్‌బోర్డ్ స్ప్రే, ట్రిమ్ రిస్టోరర్, ఎక్కడి నుంచైనా వచ్చి ఉండొచ్చు. ఇంకా మందంగా కొడితే గుంట పూడదు, చుట్టూ గట్టు పెరుగుతుంది. ఆరనిచ్చి, రుద్ది, గ్రీజ్ రిమూవర్‌తో కొత్త గుడ్డలు మారుస్తూ తుడిచి మళ్లీ కొట్టండి. పని అయ్యేదాకా ఆ గదిలో సిలికాన్ స్ప్రే ఏదీ తెరవొద్దు.

రెండో కోటింగ్ వేయగానే కింద పొర ముడతలు పడింది.

కింద పొర సగం ఆరిన దశలో పైన థిన్నర్ పడిందన్నమాట. చాలా ఎనామెల్ క్యాన్ల మీద ‘గంటలోపు లేదా 24–48 గంటల తర్వాత’ అన్నట్టు రాసి ఉంటుంది, ఆ మధ్య సమయంలో కొట్టకూడదు. ముడతలు పడిన ముక్క పూర్తిగా గట్టిపడ్డాక గట్టి పొర దాకా రుద్దడం తప్ప దారి లేదు.

ఒకచోట కారింది, ఇంకోచోట దుమ్ము పడింది. రుద్ది పాలిష్ చేస్తే పోతుందా?

గ్లాస్ పెయింట్ అయితే పోయేది. శాటిన్‌ని పాలిష్ చేస్తే అక్కడ మాత్రం మెరుపు మచ్చ మిగులుతుంది. ఆరనిచ్చి, 600తో తడిపి చదును చేసి, ఆ ముక్క మొత్తానికి ఒక కోటింగ్ వేయండి. అంగుళం మేర టచప్ చేస్తే ఎప్పటికీ కనిపిస్తుంది.

ఆరాక నలుపు మీద తెల్లటి పొగ పట్టినట్టుంది.

తేమ ఎక్కువున్న రోజు కొట్టారు. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలోని తడి పొరలో చిక్కుకుంది. పొడి వాతావరణంలో పల్చటి కోటింగ్ ఇంకొకటి వేస్తే చాలాసార్లు సరిపోతుంది.

## తిరిగి బిగించడం, ఆ తర్వాత

ఎన్నాళ్లకు బిగించొచ్చు?

ముట్టుకుంటే అంటుకోకపోవడం వేరు, గట్టిపడటం వేరు. 1కె పెయింట్‌కి వారం ఆగండి. చల్లటి కాలమైతే ఇంకా ఎక్కువ. కనిపించని చోట గోరు నొక్కి చూడండి, ముద్ర పడితే ఇంకా టైముంది. తొందరపడితే క్లిప్ ఒరుసుకున్న చోటల్లా గీత పడుతుంది.

స్టీలు స్క్రూలే మళ్లీ వాడొచ్చా?

అల్యూమినియం పట్టీకి స్టీలు స్క్రూ నేరుగా తగిలి మధ్యలో నీళ్లు చేరితే అల్యూమినియం తినేయబడుతుంది. పెయింట్ కింద నుంచి తెల్లటి బుడగలు లేచేది ఆ రంధ్రాల చుట్టూనే. కాబట్టి రంధ్రాల లోపలి అంచుకి కూడా ప్రైమర్ తగలాలి, స్క్రూ తల కింద నైలాన్ వాషర్ వేయాలి. స్టెయిన్‌లెస్ స్క్రూ వాడినా వాషర్ మానొద్దు. కొత్త బీడింగ్ ఎక్కించడానికి సబ్బు నీళ్లు చాలు.

రంగు వేసిన ట్రిమ్‌ని ఎలా చూసుకోవాలి?

మొదటి నెల షాంపూ లేకుండా నీళ్లు, మెత్తటి గుడ్డ. ఆ తర్వాత ఘాటు లేని కార్ షాంపూ. బ్రష్‌లు తిరిగే ఆటోమేటిక్ వాష్‌కి తీసుకెళ్లొద్దు. బాడీకి పాలిష్ పట్టే ముందు ట్రిమ్ మీద టేప్ వేయండి. పాలిష్‌లోని గరుకు శాటిన్‌ని మెరిసేలా అరగదీస్తుంది, ఆ తెల్లటి అవశేషం అంచుల్లో ఇరుక్కుంటే గీకాల్సి వస్తుంది. రాయి తగిలి చిన్న పెచ్చు లేస్తే, వర్షాకాలం దాకా ఆగకుండా అదే క్యాన్ నుంచి మూతలోకి కాస్త కొట్టి సన్నని కుంచెతో అద్దండి. అందుకోసం ఆ బ్యాచ్‌లో ఒక క్యాన్ విడిగా దాచి ఉంచండి.